స్క్రబ్బర్ దాటాక హెచ్‌సీఎల్ ‘లేదు’ అని మా రిపోర్టు, ప్లాట్‌ఫారం మీద బ్లీచింగ్ వాసన: పొరపాటు ఎక్కడుంది?

నాచారం_ల్యాబ్
నాచారంలో చిన్న టెస్టింగ్ ల్యాబ్ మాది. పొగగొట్టాల కొలతలు, నీటి పరీక్షలు చేస్తాం. తీరంలో ఉన్న ఒక రిఫైనరీకి (పేరు చెప్పను, అడగవద్దు) ఏడాదిగా వెళ్తున్నాను. అక్కడి రిఫార్మర్ యూనిట్‌లో (నాఫ్తా అనే తేలిక నూనెను మంచి పెట్రోలుగా మార్చేది) క్యాటలిస్టు, అంటే ఉత్ప్రేరకం, మీద పేరుకున్న కోక్‌ను (బొగ్గులాంటి మసిని) నిరంతరం కాల్చే రీజనరేటర్ ఉంది. దాని వెంట్ గ్యాస్‌ను ఒక కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) టవర్‌లో, అంటే స్క్రబ్బర్‌లో, కడిగి పైకి వదులుతారు. టవర్ దాటాక గ్యాస్‌లో హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) ఎంత మిగిలిందో కొలిచి ఇవ్వడం నా పని. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ మా పరికరం గుర్తించగల స్థాయికి కిందనే వచ్చింది. రిపోర్టులో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

పోయిన నెల పొగగొట్టం పక్కనున్న ప్లాట్‌ఫారం ఎక్కగానే బ్లీచింగ్ పౌడర్ డబ్బా మూత తీసినట్టు వాసన కొట్టింది. గొట్టం పక్కన రైలింగ్ మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది, వేలితో తోస్తే కింద నుంచి నారింజ రంగు పొడి రాలింది. రాత్రి డ్యూటీ ఆపరేటర్ ఒకాయన, మా నాన్నగారి వయసు ఉంటుంది, "మీ కాగితం లేదంటుంది బాబూ, నా గొంతు ఉందంటుంది" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

నా పద్ధతి ఇది: లోపల గాజు పూత ఉన్న ప్రోబ్. ప్రోబ్ వరకు వేడి చేస్తాం. అక్కడి నుంచి సీసాల దాకా ఒకటిన్నర మీటర్ల టెఫ్లాన్ గొట్టం, దానికి వేడి లేదు. రెండు ఇంపింజర్ సీసాల్లో (గ్యాస్‌ను ద్రవంలోంచి బుడగలుగా పంపే సీసాలు) 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం. నిమిషానికి 2 లీటర్లు, గంటసేపు. తర్వాత ఐస్ పెట్టెలో పెట్టి రాత్రి బస్సులో హైదరాబాద్ తెచ్చి అయాన్ క్రొమటోగ్రాఫ్ (నీళ్లలో కరిగిన అయాన్లను విడదీసి కొలిచే యంత్రం) మీద క్లోరైడ్ చూస్తాం. కాస్టిక్ సీసాలు పెట్టలేదు, వాళ్లు అడిగింది హెచ్‌సీఎల్ ఒక్కటే కనుక. ఎక్కడ తప్పాను?

ఉప్పల్_వాసి
హెచ్‌సీఎల్‌కు బ్లీచింగ్ వాసన ఉండదు, అది ముక్కును కోస్తుంది. మీరు కొలిచింది ఒకటి, ఆయన పీల్చింది ఇంకొకటి.

మాదాపూర్_డిజైనర్
తొందరపడి క్లోరిన్ అనేయకండి. సముద్రం ఒడ్డున ఏ రైలింగ్‌కైనా తుప్పు పడుతుంది, ఉప్పుగాలికి రంగు నిలవదు. వాసన ఒక్కటే సాక్ష్యమైతే కూలింగ్ టవర్ నీళ్లలో కలిపే క్లోరిన్ కూడా గాలివాటుకు అక్కడి దాకా రావచ్చు.

నాచారం_ల్యాబ్
మాదాపూర్ గారూ, ఉప్పుగాలి అయితే రైలింగ్ చుట్టూ ఒకేలా పట్టాలి కదా. గొట్టానికి దగ్గరగా ఉన్న వైపు మాత్రమే అలా ఉంది. అటు వైపు మెట్ల దగ్గర రంగు చెక్కుచెదరలేదు. కూలింగ్ టవర్ మాట నేను ఆలోచించలేదు, దూరం చూసి చెబుతాను.

పాత_బోర్డుమ్యాన్
ముప్ఫై ఏళ్లు కంట్రోల్ రూమ్‌లో రిఫార్మర్ ప్యానెల్ మీద కూర్చుని, ఇప్పుడు కూకట్‌పల్లిలో మనవలతో ఉంటున్నాను. రీజనరేటర్ లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. కొలత సంగతి దానిలోంచే తేలుతుంది.

ఈ క్యాటలిస్టు అల్యూమినా గుండ్లు. ఒక్కో గుండు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన, ఆవగింజంత. అందులో అర శాతం కూడా ఉండని ప్లాటినం, దానికి తోడు తగరం, బరువులో ఇంచుమించు 1 శాతం క్లోరైడ్. రియాక్టర్‌లోంచి వచ్చేటప్పుడు ప్రతి గుండూ బొగ్గులా నల్లగా ఉంటుంది. పై అరలో ఒక శాతం లోపు ఆక్సిజన్‌తో, 480 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా కాలుస్తాం. ఆక్సిజన్ ఎక్కువైతే గుండ్లు మాడిపోతాయి. కోక్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి క్యాటలిస్టు మీది క్లోరైడ్‌ను కడిగి హెచ్‌సీఎల్‌గా పైకి లేపుతుంది. పోయిన క్లోరైడ్‌ను కింది అరలో పెర్క్లోరోఇథిలీన్ (క్లోరిన్ నిండిన ద్రవం, మేం పెర్క్ అంటాం) పోసి తిరిగి ఎక్కిస్తాం. అక్కడ ఆక్సిజన్ ఎక్కువ, తేమ తక్కువ. ఆ పరిస్థితిలో హెచ్‌సీఎల్, ఆక్సిజన్ కలిసి క్లోరిన్, నీరు అవుతాయి. అంటే మీ వెంట్‌లో రెండు రకాల వాయువులు ఉంటాయి. వాటిలో హెచ్‌సీఎల్ నీళ్లు కనబడితే చాలు దూకేస్తుంది. క్లోరిన్ అలా కాదు, దానికి కాస్టిక్ కావాలి.

ఇప్పుడు నేను అడిగేది. టవర్‌లో తిరిగే నీటి పీహెచ్ ఎంత? ప్యానెల్ మీద కనిపించేది కాదు, చేత్తో సీసాలో పట్టి చూసింది.

నాచారం_ల్యాబ్
ప్యానెల్ మీద 8.1 చూపిస్తోంది. చేత్తో పట్టి ఎవరూ చూడలేదనుకుంటాను. నేనైతే చూడలేదు.

పాత_బోర్డుమ్యాన్
అయితే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఓయూ_కెమికల్
నేను ఉస్మానియాలో మూడో సంవత్సరం విద్యార్థిని. చిన్న సందేహం సార్. ఇంత గొడవ తెచ్చే క్లోరిన్‌ను అసలు క్యాటలిస్టులో పెట్టడం ఎందుకు? ప్లాటినం ఒక్కటి చాలదా?

తార్నాక_పరిశోధకురాలు
చాలదమ్మా. ఇందులో రెండు పనులున్నాయి. హైడ్రోజన్‌ను ఊడదీయడం ప్లాటినం పని. అణువు ఆకారం మార్చడం, గొలుసును కొమ్మలుగా తిప్పడం, అయిదు కార్బన్ల ఉంగరాన్ని ఆరు కార్బన్ల ఉంగరంగా సాగదీయడం ఆమ్లం పని. అల్యూమినాకు సొంతంగా ఉన్న ఆమ్లత్వం అందుకు సరిపోదు, క్లోరైడ్ దాన్ని పెంచుతుంది. ఇంకొకటి కూడా ఉంది. కోక్‌ను కాల్చినప్పుడు ప్లాటినం రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దలవుతాయి. ఆక్సిజన్, క్లోరిన్ కలిసి ఉన్నచోట ఆ ముద్దలు విడిపోయి మళ్లీ ఉపరితలమంతా పరుచుకుంటాయి. క్లోరిన్ లేకపోతే కొన్ని రీజనరేషన్లకే ఖరీదైన ప్లాటినం మూలన పడినట్టవుతుంది.

ఈ ప్రక్రియను 1949లో యూవోపీ సంస్థ ప్లాట్‌ఫార్మింగ్ పేరుతో తెచ్చింది, దాని వెనక ఉన్న శాస్త్రవేత్త వ్లాదిమిర్ హేన్సెల్. క్యాటలిస్టును ఆపకుండా తిప్పుతూ కాల్చే పద్ధతి 1971లో వచ్చింది.

ఓయూ_కెమికల్
ధన్యవాదాలు మేడం. మా పుస్తకంలో రెండో కారణం ఒక్క వాక్యంలో దాటేశారు.

నాచారం_ల్యాబ్
కూలింగ్ టవర్ సంగతి కనుక్కున్నాను. అరకిలోమీటరు దూరంలో ఉంది, వాసన వచ్చిన రోజున గాలి అటు వైపు వీస్తోంది, ఇటు కాదు. అది లెక్కలోంచి తీసేయవచ్చు.

ఉప్పల్_వాసి
ఇక సీసాల మాట. నేనూ పన్నెండేళ్లు గొట్టాలు ఎక్కినవాడినే. ఆమ్లం సీసాలు మీరు సరిగ్గానే పెట్టారు. కానీ వాటి గుణమే క్లోరిన్‌ను పట్టకపోవడం. మామూలు నీళ్లలో క్లోరిన్ కొంత విడిపోయి క్లోరైడ్‌గా మారుతుంది, దాన్ని మనం హెచ్‌సీఎల్ అనుకుని పొరబడతాం. అలా జరగకూడదనే నీళ్లకు బదులు పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు. ఆమ్లంలోంచి జారిపోయిన క్లోరిన్‌ను పట్టడానికి వెనక రెండు సీసాల్లో 0.1 నార్మల్ కాస్టిక్ ఉండాలి. అమెరికా పర్యావరణ సంస్థవారి 26వ నంబరు పద్ధతి మొత్తం ఈ ఆలోచన మీదే నిలబడింది. మీరు ముందు సగం చేసి, వెనక సగం వదిలేశారు. మీ ఆమ్లం సీసాలు దాటిన క్లోరిన్ మీ పంపులోంచి గాలిలోకి వెళ్లిపోయింది.

కాస్టిక్ సీసాలో ఇంకో మెలిక ఉంది. క్లోరిన్ అక్కడ సగం క్లోరైడ్, సగం హైపోక్లోరైట్ అవుతుంది. క్రొమటోగ్రాఫ్ క్లోరైడ్ సగాన్నే చూస్తుంది. సోడియం థయోసల్ఫేట్ వేస్తే రెండో సగం కూడా క్లోరైడ్‌గా మారుతుంది. మీ సీసాలు రాత్రంతా బస్సులో ఊగుతూ వస్తాయి కనుక థయోసల్ఫేట్ అక్కడే వేసి మూత బిగించండి.

నాచారం_ల్యాబ్
ఇది చదువుతుంటే ముచ్చెమటలు పట్టాయి. మూడు రిపోర్టులు వెళ్లిపోయాయి.

బాలానగర్_ఫిట్టర్
ఒకటిన్నర మీటర్ల చల్లని గొట్టం గురించి ఎవరూ మాట్లాడరేం? టవర్ దాటిన గ్యాస్ తేమతో నిండి ఉంటుంది. చల్లని గొట్టంలో చెమట పడుతుంది, ఆ చెమటలోకి హెచ్‌సీఎల్ దిగిపోతుంది. సీసాలో తేలేది ఏముంటుంది? 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 700 గ్రాములకు పైగా హెచ్‌సీఎల్‌ను మింగుతాయి. క్లోరిన్ అయితే ఏడు గ్రాములే. ప్రోబ్ నుంచి మొదటి సీసా మూతి దాకా 120 డిగ్రీలు దాటి ఉండాలి, మధ్యలో ఒక్క జాయింటు చల్లబడినా లెక్క పోయినట్టే. నేను తాపడం చేసిన గొట్టాల్లో ఎప్పుడూ జాయింటు దగ్గరే చల్లబడేది, తాపడం అక్కడే ఆపేస్తారు కనుక.

తార్నాక_పరిశోధకురాలు
బాలానగర్ గారు చెప్పింది సరైనది. దానికి ఒకటి కలుపుతాను. టవర్ దాటిన గ్యాస్‌లో ఆవిరి మాత్రమే కాదు, సన్నని తుంపరలు కూడా కొట్టుకొస్తాయి. తుంపరలు ఉన్నచోట 26 కాదు, 26ఏ వాడాలి. అందులో గ్యాస్ ఏ వేగంతో గొట్టంలో పోతోందో అదే వేగంతో ప్రోబ్‌లోకి లాగుతాం. లేకపోతే తుంపరలు మన మూతిని తప్పించుకుని పక్కనుంచి పోతాయి, లేదా ఉండాల్సిన దానికంటే ఎక్కువగా దూరతాయి.

మాదాపూర్_డిజైనర్
ఇంత కష్టం ఎందుకు? పరారుణ కాంతితో వాయువులను గుర్తించే ఎఫ్‌టీఐఆర్ యంత్రం పెట్టించండి. వేడి గొట్టంతో గ్యాస్ లాగి, నిమిషానికోసారి హెచ్‌సీఎల్ అంకె ఇస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే రిఫైనరీలతో సహా 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ కొలతలు తప్పనిసరి చేసింది. సీసాల కాలం పోయింది.

ఉప్పల్_వాసి
పోలేదండీ. ఎఫ్‌టీఐఆర్ పరారుణ కాంతితో చూస్తుంది. రెండు ఒకే రకం పరమాణువులున్న అణువు పరారుణ కాంతిని పీల్చుకోదు. క్లోరిన్ సరిగ్గా అలాంటిది. మీరు కోట్లు పోసి యంత్రం పెట్టినా దాని తెర మీద కూడా ‘లేదు’ అనే వస్తుంది. లేజర్ పెట్టినా అంతే, అది హెచ్‌సీఎల్ గీత మీదనే కన్నేసి ఉంటుంది. క్లోరిన్‌ను చూడాలంటే అతినీలలోహిత కాంతి కావాలి, లేదా కాస్టిక్ సీసా కావాలి.

మాదాపూర్_డిజైనర్
ఒప్పుకుంటున్నాను. ఈ కోణం నాకు తట్టలేదు. కానీ హెచ్‌సీఎల్‌కు అది మంచి యంత్రమే, ఆ మాట వెనక్కి తీసుకోను.

సీతాఫల్‌మండి
నాకు వేరే అనుభవం ఉంది. మధ్యమధ్యలో షట్‌డౌన్ చేసి కాల్చే పాత రకం రిఫార్మర్. అమెరికా 2002 నిబంధనలో ఇలాంటి పాత యూనిట్లకు హెచ్‌సీఎల్ 30 పీపీఎం (పది లక్షల భాగాల్లో 30) మించకూడదు, లేదా 92 శాతం తగ్గించాలి. నిరంతరం తిరిగే వాటికైతే 10 పీపీఎం, లేదా 97 శాతం. మా యాజమాన్యం ఆ గీతనే ఇక్కడ కూడా పెట్టుకుంది. కొలిస్తే 27 వచ్చింది. అందరూ మిఠాయి పంచుకున్నారు. నేను కొత్తగా చేరిన కుర్రవాడిని, ఆక్సిజన్ ఎంతని అడిగాను. 5.9 శాతం. ఆ పీపీఎం లెక్క పొడి గ్యాస్‌కు, 3 శాతం ఆక్సిజన్‌కు సరిచేసి చెప్పాలి. 20.9లోంచి 3 తీస్తే 17.9. 20.9లోంచి 5.9 తీస్తే 15. 27ను 17.9తో గుణించి 15తో భాగిస్తే 32.2. మిఠాయి తిన్న నోళ్లు మూతపడ్డాయి.

ఈ సవరణ లేకపోతే ఎవరైనా గాలి కలిపి పలుచన చేసి గట్టెక్కవచ్చు. మీ సీసాల గొట్టంలో చిన్న కంత ఉండి బయటి గాలి దూరినా అంకె అలాగే పడిపోతుంది. ఆక్సిజన్ కూడా కొలిచారా?

నాచారం_ల్యాబ్
ఆక్సిజన్ కొలిచాను, 0.9 శాతం. అంటే సరిచేస్తే అంకె కాస్త తగ్గుతుందే గాని పెరగదు. లీకు పరీక్ష ముందు చేశాను, తర్వాత చేయలేదు.

సీతాఫల్‌మండి
తర్వాత చేసిందే అసలైన లీకు పరీక్ష.

జీడిమెట్ల_నీళ్లు
మీరందరూ పైకి పోయే గ్యాస్ గురించే మాట్లాడుతున్నారు. కిందికి వచ్చే నీళ్ల మాట నేను చెబుతాను, నా ఉద్యోగం మురుగునీటి శుద్ధి కనుక. కాస్టిక్ టవర్ క్లోరిన్‌ను పట్టిందంటే హైపోక్లోరైట్ తయారైందన్నమాట, అది మీ ఇంట్లో బట్టలకు వాడే బ్లీచ్. దాన్ని అలాగే మా ట్యాంకుల్లోకి వదిలితే నెలల తరబడి పెంచుకున్న బ్యాక్టీరియా ఒక్క పూటలో చచ్చిపోతుంది. ఒకసారి మా ట్యాంకు మీద గోధుమ రంగు నురుగు బదులు తెల్లగా, శుభ్రంగా నీళ్లు కనిపించాయి. చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఎంత బాగుందో అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. టవర్ చుట్టూ తిరిగే నీటిలోనే థయోసల్ఫేటో బైసల్ఫైటో పోసి దాన్ని చంపాలి. ఆ మోతాదు మార్చే ముందు మా వాళ్లకు ఒక్క ఫోను చేయాలి.

బాలానగర్_ఫిట్టర్
శుభ్రంగా ఉంటే ఏడ్చే ఉద్యోగం మీది ఒక్కటే అనుకుంటాను నీళ్లు గారూ :)

జీడిమెట్ల_నీళ్లు
నిజమే, మా దగ్గర మురికే సంపద.

పుస్తకాల_పురుగు
పాత బోర్డుమ్యాన్ గారు చెప్పిన హెచ్‌సీఎల్ నుంచి క్లోరిన్ చర్యకు డీకన్ చర్య అని పేరు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సోడా తయారుచేసే కర్మాగారాలు హెచ్‌సీఎల్‌ను ఊళ్ల మీదికి వదిలేవి. చెట్లు మాడిపోయి, ఇనుప సామాను తినేసి, జనం గోల పెడితే 1863లో ఆల్కలీ చట్టం వచ్చింది. హెచ్‌సీఎల్‌లో 95 శాతం పట్టి తీరాలని అందులో ఉంది. అలా పట్టిన ఆమ్లాన్ని ఏం చేయాలో తెలియక చూస్తున్న కాలంలోనే హెన్రీ డీకన్ రాగి క్యాటలిస్టుతో దాన్ని క్లోరిన్‌గా మార్చి, బ్లీచింగ్ పౌడర్‌కు పనికి తెచ్చాడు. ఆయన కావాలని చేసిన పని మీ రీజనరేటర్‌లో ఎవరూ అడగకుండానే జరుగుతోంది.

కొత్తపేట_ఆపరేటర్
పీహెచ్ 8 ఎందుకు, 11కు పెంచి పడేయండి. కాస్టిక్ ఎంత ఎక్కువుంటే క్లోరిన్ అంత చస్తుంది. ఇంత చర్చ ఎందుకో అర్థం కాదు.

పాత_బోర్డుమ్యాన్
కొత్తపేట బాబూ, ఆ గ్యాస్‌లో హెచ్‌సీఎల్ కంటే ఎన్నో రెట్లు కార్బన్ డయాక్సైడ్ ఉంది, కాల్చింది కోక్ కదా. పీహెచ్ పెంచిన కొద్దీ నువ్వు పోసిన కాస్టిక్‌ను అదే తినేస్తుంది. కాస్టిక్ పోయి కార్బొనేట్ మిగులుతుంది. నీళ్లలో సున్నం ఉంటే ఆ కార్బొనేట్ రాయిలా గడ్డకడుతుంది. మన హైదరాబాద్ బోరు నీళ్లకు గీజర్ కడ్డీ మీద తెల్లటి పెంకు ఎలా కడుతుందో చూడు. అదే పెంకు టవర్ స్ప్రే నాజిల్ కన్నాల్లో, పీహెచ్ ఎలక్ట్రోడ్ గాజు బుడగ మీద కడుతుంది. పెంకు కట్టిన ఎలక్ట్రోడ్‌కు బయటి నీళ్లతో సంబంధం తెగిపోతుంది. లోపల ఏదుంటే అదే చూపిస్తూ కూర్చుంటుంది. నా అనుమానమంతా ఆ 8.1 మీదే. కదలకుండా ఉన్న అంకెను చూస్తే నాకు భయం.

ఇంకో లెక్క చెబుతాను, రాసుకోండి. పెర్క్లోరోఇథిలీన్ బరువులో 85.5 శాతం క్లోరిన్. కిలో క్లోరిన్‌ను కట్టేయడానికి 1.13 కిలోల కాస్టిక్ కావాలి, అది హెచ్‌సీఎల్ రూపంలో ఉన్నా క్లోరిన్ రూపంలో ఉన్నా అంతే. అంటే పోసిన పెర్క్ అంతా వెంట్‌లోకే వచ్చిందనుకుంటే కిలోకి దాదాపు కిలో కాస్టిక్. నిజానికి కొంత క్లోరైడ్ రియాక్టర్ వైపు హైడ్రోజన్‌తో పోతుంది, అందుకే అక్కడ క్లోరైడ్ పట్టే బెడ్లు పెడతారు. కార్బన్ డయాక్సైడ్ తినే వాటా దీనికి అదనం. పెర్క్ పెరిగి కాస్టిక్ పెరగకపోతే ఎక్కడో తేడా కొడుతుంది.

పెర్క్ ఎందుకు పెరుగుతుందంటారా? కొత్త క్యాటలిస్టుకు గ్రాముకు 200 చదరపు మీటర్ల దగ్గర ఉపరితలం ఉంటుంది. వందల సార్లు కాలాక అది 140, 130కి పడిపోతుంది. ఉపరితలం తగ్గితే క్లోరైడ్ నిలబడదు, జారిపోతుంది. అదే 1 శాతం నిలపాలంటే మరింత పోయాలి. పోసిందంతా వెంట్‌లోకే. మీరు వెళ్లే చోట క్యాటలిస్టు వయసెంతో అడగండి.

కొత్తపేట_ఆపరేటర్
గీజర్ పోలికతో అర్థమైంది పెద్దాయనా. మాట వెనక్కి.

మాదాపూర్_డిజైనర్
పెద్దాయన చివరి పేరా నా వాదన. టవర్‌ను ఎంత మెరుగుపరిచినా అది చివర నిలబడి మురికి కడగడమే. ముందు నాఫ్తాలో తేమ తగ్గించండి, వయసైన క్యాటలిస్టు మార్చండి, క్లోరైడ్ ఇంజెక్షన్‌ను రోజువారీ విశ్లేషణతో నడపండి. ఇంకో దారి కూడా ఉంది. వెంట్ గ్యాస్‌ను 140 డిగ్రీల దగ్గరికి చల్లబరిచి, రియాక్టర్ నుంచి వస్తున్న నల్ల క్యాటలిస్టు మీదుగానే పంపితే క్లోరైడ్‌ను అదే పీల్చుకుని వెనక్కి తీసుకుపోతుంది. పెర్క్ ఆదా, కాస్టిక్ నీళ్ల బెడద లేదు.

ఉప్పల్_వాసి
బాగుంది, కానీ అది పని చేస్తుందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ కొలవాలి. అలాంటి యూనిట్లలో రోజూ రంగు మారే గాజు నాళికతో హెచ్‌సీఎల్ చూస్తుంటారు. చౌక, వెంటనే తెలుస్తుంది. అయితే క్లోరిన్ ఉంటే హెచ్‌సీఎల్ నాళికల రంగు తారుమారు కావచ్చు, పెట్టె మీద రాసింది చదవనిదే వాడవద్దు.




నాచారం_ల్యాబ్
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. అందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్లాను.

గొట్టం మొత్తానికి వేడి పెట్టి తాపడం చుట్టాం, జాయింట్లతో సహా. మా పెట్టెలో తుంపరల పద్ధతి సామాను లేదు, అద్దెకు తెచ్చాం. ముందు రెండు ఆమ్లం, వెనక రెండు కాస్టిక్. మూడు విడతలు, ప్రతి విడతకూ ముందూ వెనకా లీకు పరీక్ష. థయోసల్ఫేట్ ప్లాట్‌ఫారం మీదే వేశాను. క్లోరిన్ తగిలితే నీలమయ్యే కాగితాన్ని, అంటే స్టార్చ్, పొటాషియం అయొడైడ్ పూసిన తడి కాగితాన్ని, గొట్టం పక్కన గాలిలో పట్టుకుంటే రెండు నిమిషాల్లో అంచుల నుంచి నీలం పాకింది.

సీసాలు చెప్పిన మాట: సరిచేసిన సగటు హెచ్‌సీఎల్ 3 పీపీఎం, క్లోరిన్ 14 పీపీఎం.

టవర్ నీళ్లు చేత్తో పట్టాను. క్షారంలో గులాబీగా మారే ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తే గులాబీ రంగు రాలేదు. మరో నాలుగు చుక్కలు వేశాను. రాలేదు. గులాబీ తొంగిచూసేది 8.3 దగ్గర కనుక, 8.1కి రాకపోవడం సహజమేనని అక్కడి ఇంజనీరు అన్నారు. మా చేతి మీటరు పెట్టాం. 5.4. ప్యానెల్ మీద అప్పటికీ 8.1. ఎలక్ట్రోడ్ బయటికి తీస్తే గాజు బుడగ మీద గుడ్డు పెంకు మందాన తెల్లటి పొర. గోటితో గీరితే ఊడింది, పలుచని ఆమ్లంలో వేస్తే బుసబుసమని పొంగింది.

క్యాటలిస్టు ఎనిమిదేళ్లది. పోయిన షట్‌డౌన్ తర్వాత పెర్క్ దాదాపు ఒకటిన్నర రెట్లయింది. కాస్టిక్ పంపు స్ట్రోక్‌ను (ఒక్కో తోపుకు పోసే మోతాదును) ఎవరూ ముట్టుకోలేదు, పీహెచ్ బాగానే ఉంది కదా అని.

పాత_బోర్డుమ్యాన్
5.4 దగ్గర హెచ్‌సీఎల్ ఇంకా దిగుతుంది, క్లోరిన్ దిగదు. మీ పాత రిపోర్టుల్లో హెచ్‌సీఎల్ దొరకకపోవడం సగం చల్లని గొట్టం, సగం నిజం. కనిపించిన దాన్ని బట్టి చూస్తే ఆ ఆపరేటర్ గొంతు మీ క్రొమటోగ్రాఫ్ కంటే ముందు పసిగట్టింది.

బాలానగర్_ఫిట్టర్
5.4 పీహెచ్‌తో క్లోరైడ్ నీళ్లు అన్నాళ్లు తిరిగాయంటే పంపు ఇంపెల్లర్, పైపు వెల్డింగులు చూడమనండి. మామూలు స్టెయిన్‌లెస్ అయితే సూదితో పొడిచినట్టు గుంటలు పడి ఉంటాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది.

నాచారం_ల్యాబ్
చూశారు. పంపు కేసింగ్‌లో మూడు చోట్ల గుంటలు. మార్చడానికి ఆర్డర్ పెట్టారు.

నా ప్రశ్న ఇప్పుడు వేరు. పాత మూడు రిపోర్టులు ఏం చేయాలి? మా యజమాని పోనివ్వు అంటున్నారు. వాళ్లు అడిగింది హెచ్‌సీఎల్, మనం చెప్పింది హెచ్‌సీఎల్, అబద్ధం ఎక్కడుందని ఆయన వాదన.

సీతాఫల్‌మండి
మీ యజమాని అన్నదాంట్లో న్యాయం ఉంది. అడగని దానికి జవాబుదారీ ఎందుకు? లేఖ రాస్తే ఆ క్లయింటు పోతాడు, చిన్న ల్యాబ్‌కు అది చిన్న దెబ్బ కాదు.

తార్నాక_పరిశోధకురాలు
నేను ఒప్పుకోను. గొట్టం చల్లగా ఉన్నప్పుడు హెచ్‌సీఎల్ అంకె కూడా నమ్మదగింది కాదు, కనుక అడిగిన దానికి కూడా సరైన జవాబు ఇవ్వలేదు. పైగా ‘లేదు’ అనే మాట ఏ ల్యాబ్ రిపోర్టులోనూ రాకూడదు. ‘ఇంత కంటే తక్కువ’ అని గుర్తించగల హద్దు అంకెతో సహా రాయాలి. క్లోరిన్ దగ్గర ‘కొలవలేదు’ అని రాయాలి. ‘లేదు’ చదివినవాళ్లు కాస్టిక్ పంపును ముట్టుకోరు. ‘కొలవలేదు’ అని చదివి ఉంటే ఎవరో ఒకరు కొలవమని అడిగేవారు.

ఉప్పల్_వాసి
మేడం మాటే నా మాట. నేను ఒకసారి ఇలాంటి లేఖ రాశాను. క్లయింటు ఆరు నెలలు పిలవలేదు, తర్వాత వాళ్లే పిలిచారు.

సీతాఫల్‌మండి
చల్లని గొట్టం సంగతి నేను మరిచాను. హెచ్‌సీఎల్ అంకె కూడా అనుమానమే అయితే రాయక తప్పదు. రాయండి.

నాచారం_ల్యాబ్
రాశాను. మూడు రిపోర్టుల నంబర్లు వేసి, గొట్టానికి వేడి లేదని, క్లోరిన్ కొలవలేదని, ‘లేదు’ అన్న మాటను రద్దు చేస్తున్నామని ఒక పేజీ. యజమాని రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే సంతకం పెట్టారు. క్లయింటు నుంచి కోపం వస్తుందనుకున్నాను. కొత్త ఎలక్ట్రోడు, వారానికోసారి చేతి మీటరుతో సరిపోల్చే రిజిస్టరు, కాస్టిక్ పంపు స్ట్రోక్ పెంపు, ఇవన్నీ చేశామని జవాబు వచ్చింది. థయోసల్ఫేట్ మొదలుపెట్టే ముందు శుద్ధి విభాగానికి ఫోను చేయమని జీడిమెట్ల గారి మాటను కూడా అందులో పెట్టించాను.

నిన్న ఆ ఆపరేటర్ గారు ఫోటో పంపారు. తెల్లవారుజామున అయిదింటికి, రైలింగ్ పక్కన చేతిలో పట్టుకున్న కాగితం పట్టీ. తెల్లగా ఉంది.

ఉప్పల్_వాసి
తడిపారా? పొడి కాగితమైతే క్లోరిన్ ఉన్నా రంగు రాదు.

నాచారం_ల్యాబ్
అడిగాను. తడిపే పట్టుకున్నారు, అరగంటకో కొత్త పట్టీ చొప్పున ఆరు. అన్నీ తెల్లగానే ఉన్నాయట. గురువారం రాత్రి బస్సుకు వెళ్తున్నాను, నాలుగు సీసాలతో.